సెప్టెంబరులో పాడే పిట్ట

సెప్టెంబర్ 21, సోమవారం

మామగారి తోటలో నల్లటోపీ పిట్ట సెప్టెంబరు నెలలో ఎందుకు పాడుతుంది?

ఎనిమిదేళ్ళుగా ఈ ప్రశ్నని వెంటేసుకు తిరుగుతున్నాను. ఆ పిట్ట పాడవలసింది వసంతంలో, ఎక్కడో ఉత్తరాన, గూడు కట్టుకునే చోట. చలికాలానికి దక్షిణానికి పోతూ మా సైప్రస్ మీద దిగినప్పుడు దానికి పాటతో పనిలేదు. రెండు గులకరాళ్ళు తాటించినట్టు టక్ టక్‌మంటుంది. అత్తిపళ్ళు తిని ఒళ్ళు చేసుకుంటుంది. వెళ్ళిపోతుంది. పుస్తకాలన్నీ ఇదే చెబుతాయి. ఒక్క మా మామగారి తోటలో మాత్రం, మేం సెలవులకి వచ్చిన ప్రతి ఏడూ, తెల్లవారకముందే గొంతు విప్పి పాడుతుంది. అదీ ఒకటి కాదు, పది పిట్టలు పోటీ పడినట్టు.

దాని మీద నాలుగు పేరాలు రాశాను. రాజధాని లెఫ్కోసియాలో మా పక్షుల సంఘం వాళ్ళు వార్షిక సంచికలో వేశారు. 'శరత్కాలంలో నల్లటోపీ పిట్ట పాట: ఒక పరిశీలన.' కింద నా పేరు. మునిసిపల్ గ్రంథాలయంలో పాత పత్రికలు సర్దుకునే మనిషికి అది తక్కువ విషయం కాదు. సంఘంలో కొత్తవాళ్ళకి నన్ను పరిచయం చేసేటప్పుడు, "ఆ పాట గురించి రాసింది ఈవిడే, లుకీయా" అంటారు. నేను తల వంచుకుని నవ్వుతాను.

మధ్యాహ్నానికి ఊరు చేరాం. వచ్చే నెలలో మా అమ్మాయి ఇస్మీని చదువుకని గ్రీసు వెళ్ళిపోతుంది. అంచేత మా ఆయన పియెరిస్, అదీ, నేనూ కలిసి గడిపే సెలవుల్లో ఇవే ఆఖరివి కావచ్చు. అత్తగారు మనవరాలి బుగ్గలు పుణికి, "చిక్కి సగమయ్యావే, ఆ దేశం పోతే ఇంకేం మిగులుతావు" అని మొదలుపెట్టారు. మామగారు తోటలో తుమ్మచెట్లకి నీళ్ళు పెడుతున్నారు.

"ఏందమ్మా లుకీయా, నీ జంటగొట్టాలు తెచ్చుకున్నావా?"

"తెచ్చుకున్నాను మామయ్యా." బైనాక్యులర్స్‌కి ఆయన పెట్టిన పేరది.

"మంచి పని చేశావు. ఈ ఏడు నీ చుట్టాలు బాగానే దిగినయ్."

ఇస్మీని నీళ్ళ గొట్టం వెంట కళ్ళు పరిగెత్తించి, "తాతయ్యా, దానిమ్మలేమో ఎండిపోతున్నాయి. కాయా పండూ లేని ఈ తుమ్మలకి నీళ్ళెందుకు?" అంది.

"నీడకే పిల్లా."

అంతలో అత్తగారు లోపలికి పిలిచారు, పులుసు చల్లారిపోతోందని.

సెప్టెంబర్ 22, మంగళవారం

ఇంకా చీకటి ఉండగానే ఇస్మీనీ నేనూ డాబా ఎక్కాం. నీళ్ళ ట్యాంకుకి ఆనుకుని ఇద్దరం ఒకే దుప్పటి కప్పుకున్నాం. ముందు చెవులు, తరవాతే కళ్ళు. దానికి చిన్నప్పుడు నేను నేర్పిన పాఠం. ఇప్పుడు నాకంటే దాని చెవులే చురుకు.

తోటలో పాట అప్పటికే మొదలైంది.

"అమ్మా, ఇది మళ్ళీ మొదటికొచ్చింది," అంది కాసేపటికి.

"పిట్టలు పాడిందే పాడతాయి."

"పాడిందే పాడనీ. మధ్యలో కుక్క కూడా మొరిగిన చోటే మొరుగుతుందా?"

"పక్కింటి కుక్కేమో."

"పక్కింటి కుక్క నిరుడే చచ్చిపోయిందిగా, నానమ్మ చెప్పలా? ఉండు, విను. ఇప్పుడు పొడుగు కూత. ఇప్పుడు కాస్త ఆగుతుంది. ఇప్పుడు కుక్క."

కుక్క మొరిగింది.

"గాలి ఇటు తిరిగితే దూరపు చప్పుళ్ళు దగ్గరగా వినిపిస్తాయి," అన్నాను. ఎందుకన్నానో. గాలే లేదు.

తెల్లవారాక పాట ఒక్కసారిగా, ఎవరో గొంతు నొక్కినట్టు ఆగిపోయింది. కరెంటు తీగల మీద పాలపిట్టలు వచ్చి వాలాయి. ఎండ తగిలి రెక్కల్లో నీలం మెరిసింది. వేరే రోజయితే ఇస్మీని నా చెయ్యి గిల్లేసేది. ఇవాళ వాటిని చూడనేలేదు. తోటవైపే చూస్తూ కూర్చుంది.

చూసినవి: పాలపిట్టలు, ఒక పిల్లిగద్ద. గాలి తూర్పు నుంచి.

(గాలి లేదని పైనే రాశాను.)

సెప్టెంబర్ 23

ఇవాళ డాబా ఎక్కలేదు. తలనొప్పి. నిజంగానే తలనొప్పి.

సెప్టెంబర్ 25, శుక్రవారం

సముద్రానికి వెళ్ళాం. ఇస్మీని దూరంగా ఈదుతోంది. పియెరిస్ ముళ్ళు గుచ్చుకోకుండా నాగజెముడు పళ్ళు ఒలుస్తున్నాడు. వాళ్ళ నాన్న పోలిక, చాకు పట్టుకునే తీరు కూడా.

"మీ నాన్న తోటలో పొద్దున్నే వినిపించే పాట..." అన్నాను.

"నువ్వు రాశావుగా దాని గురించి."

"రాశాననుకో. అది పిట్టేనంటావా?"

"పిట్టల పండితురాలివి నువ్వు. కరెంటాఫీసులో గుమాస్తాని నేను. నన్నడుగుతావేం?"

నవ్వుతూనే అన్నాడు. ఒక పండు ఒలిచి నా చేతిలో పెట్టాక, ఈసారి నవ్వకుండా, "లుకీయా, ఏడాదికి రెండు వారాలు వస్తాం. వదిలెయ్," అన్నాడు.

పండు తిన్నాను. తియ్యగా ఉంది.

ఈ ఎనిమిదేళ్ళలో నేను తెల్లవారుజామున ఆ తోటలోకి ఒక్కసారి కూడా నడవలేదు. నేల తడిగా ఉంటుందని. పాములు తిరుగుతాయని. మనిషి అలికిడికి పిట్టలు బెదురుతాయని. పాట విన్నది డాబా మీద నుంచీ, కిటికీలోంచీ. నా నాలుగు పేరాల్లో 'పక్షిని కంటితో చూడడం సాధ్యపడలేదు' అన్న వాక్యం ఉంది. అది రాసినప్పుడు ఎంత నిజాయితీపరురాలినో అనుకున్నాను.

సెప్టెంబర్ 27, ఆదివారం

ఇస్మీనిని సాగనంపే విందు అని అత్తగారు మూడు రోజులుగా హడావిడి పడుతున్నారు. చర్చి నుంచి వచ్చేసరికి కల్లీస్ కూడా వచ్చి కూర్చున్నాడు. పియెరిస్‌కి బాప్తిస్మం నాడు నిలబడ్డ జ్ఞానపిత ఆయన. ఊళ్ళో కాఫీ కొట్టు ఆయనదే.

గోధుమరవ్వ పులావు, పెరుగు, బంగాళాదుంపలు, పంది మాంసం. అన్నీ వడ్డించాక మామగారు లేచి వీధివైపు కిటికీ తలుపులు మూశారు. ఎండ కోసమనుకున్నాను. అత్తగారు వంటింట్లోంచి ఒక మూతపెట్టిన పళ్ళెం తెచ్చి బల్ల మధ్యలో పెట్టి మూత తీశారు.

ఉడికించిన పిట్టలు. వేలెడేసి. తలలతో సహా.

ఇంట్లో ఎవరూ దాన్ని పేరు పెట్టి పిలవరు. పుస్తకంలో నల్లటోపీ పిట్ట. పళ్ళెంలోకి వచ్చాక అంబెలోపూలి, ద్రాక్షతోట పిట్ట. బయట అనకూడని పేరు. పట్టినా, అమ్మినా, తిన్నా నేరమే. ఇన్నేళ్ళలో ఆ పళ్ళెం నా ముందు పెట్టడం ఇదే మొదటిసారి.

మామగారు వేళ్ళతో ఒకదాన్ని తీసి, ముందుగా నా కంచంలో వేశారు. ఇంట్లో గౌరవించదలిచిన మనిషికే తొలి పిట్ట.

"రోజంతా గొట్టాల్లోంచి చూస్తావు. ఇయ్యాల దగ్గరగా చూడు తల్లీ."

అందరూ నవ్వారు. కల్లీస్ గ్లాసెత్తాడు. "మా తోటలన్నిటికీ ఏడాదికోసారి వన్యప్రాణి శాఖవాళ్ళు వచ్చి, చెట్టుచెట్టూ దులిపి పోతారు. ఇదిగో, ఈ హంబీస్ తోట గడప తొక్కరు. ఎందుకు తొక్కుతారూ? పిట్టలమ్మ కోడలుగా ఉందాయె!"

"నా కోడలు బంగారం," అన్నారు మామగారు. కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. "ఇన్నేళ్ళయింది. ఒక్కనాడు నోరు జారలా. నీ ఎదురుగా తినకపోయింది నువ్వు బాధపడతావని కాదమ్మా. రేపెవరన్నా అడిగితే నీకు మాట రాకూడదని."

నాలుగేళ్ళ కిందట సంఘం నుంచి ఒక ఫోన్ వచ్చింది. ఫలానా ఊళ్ళో ఫలానా తోటలోంచి తెల్లవారుజామున పాట వస్తోంది, పిట్టల్ని రప్పించి పట్టడానికి రికార్డు చేసిన పాటని మరమీద వేస్తున్నారేమో, మీరు ఆ పక్కనే దిగుతారు కదా అని అడిగారు. అది అసలు పిట్టే, నేను వ్యాసం కూడా రాశాను కదా అన్నాను. వాళ్ళు క్షమించమన్నారు. ఫోన్ పెట్టేసి భోజనానికి కూర్చున్నాను. ఆ మాట మామగారికి ఎవరు చేరవేశారో. ఆయన దాన్ని నా ప్రేమ కింద జమ కట్టుకున్నారు.

ఇస్మీని నా కంచం వైపు చూస్తోంది. మిగతా ఎవరి కంచం వైపూ కాదు.

తరవాత కుర్చీ వెనక్కి తోసి లేచి వెళ్ళిపోయింది. "దుర్గుణాలన్నీ రాజధానిలో నేర్చుకొచ్చుద్ది," అన్నారు అత్తగారు.

నేనూ పెద్దగా తినలేదు.

సెప్టెంబర్ 28, సోమవారం

నిన్నటిది చదివాను. 'పెద్దగా తినలేదు' అని రాసుకున్నాను.

రెండు తిన్నాను. ఎముకలతో సహా నమలాలి, అలాగే నమిలాను. రెండోది మామగారు వెయ్యలేదు. నేనే కంచం చాపాను.

పొద్దున ఇస్మీని నన్ను లేపకుండానే తోటలోకి పోయింది. ఎంతోసేపు పట్టలేదు, వెనక్కొచ్చి పెరటి తొట్టి దగ్గర నన్ను పిలిచింది. రెండు చేతుల మధ్య ఒక పిట్ట. గోధుమరంగు టోపీ, అంటే ఆడది. రెక్క, తోక జిగురుపుల్లకి అంటుకుపోయి ఉన్నాయి. విరిగికాయల బంకలో తేనె వేసి కాచే జిగురది. నీళ్ళకి వదలదు. లాగితే ఈకలతో పాటు చర్మం కూడా వస్తుంది.

"ఎలా అమ్మా? చెప్పు, తొందరగా!"

"నోట్లో పెట్టుకుని నానబెట్టాలి. ఉమ్మికే వదులుతుంది."

సంఘంలో నేర్పారు నాకు. నేర్చుకున్నాను గానీ ఎప్పుడూ చెయ్యలేదు. అది పిట్టని పట్టుకుంది. నేను వంగి తోక ఈకల్ని పెదాల మధ్య పెట్టుకున్నాను. తియ్యగా, చేదుగా, బంకగా. పెదాలకి దాని గుండె తగులుతోంది. గుండె అనాలో వణుకు అనాలో. నిన్న ఇదే నోటితో. ఆపితే పిట్ట చస్తుంది. ఇస్మీని చూస్తూ ఉంది. ఈక తరవాత ఈక విడిపించాను. చివరికి పుల్ల ఊడింది. కొన్ని ఈకలు దానితోనే పోయాయి. పిట్ట తొట్టి అంచు మీద కాసేపు నోరు తెరుచుకుని కూర్చుని, వంకరగా ఎగిరి గోడ దాటింది.

"అలాంటి పుల్లలు చెట్టుచెట్టుకీ ఉన్నాయి," అంది ఇస్మీని. "పిట్టలు వేలాడుతున్నాయి. ఒక కొమ్మకి స్పీకరు కట్టి ఉంది. రోజూ నీకు పాడేది అదే."

మూతి కడుక్కుంటున్నాను.

"నీకు తెలుసా అమ్మా, తెలియదా?"

"నాకు అనుమానం..."

"అనుమానం కాదు. తెలుసా, తెలియదా?"

అంతలో అత్తగారు తలుపు తీసుకుని, "పొద్దున్నే ఏంటే తల్లీకూతుళ్ళ గుసగుసలు? రొట్టె మాడుతోంది రండి," అన్నారు.

సెప్టెంబర్ 29, మంగళవారం

ఇస్మీని వన్యప్రాణి శాఖకి ఫోన్ చేసింది. రేపు పొద్దున వస్తామన్నారట. నాకు ఒక్కదానికే చెప్పింది. "నువ్వు నా పక్కన నిలబడితే చాలు. మాట్లాడేది నేనే మాట్లాడతాను," అంది. నిలబడతానన్నాను. నా భుజం మీద తల పెట్టింది. వచ్చాక ఇదే మొదటిసారి.

సాయంత్రం మామగారు తుమ్మల దగ్గర కుళాయి తిప్పుతుంటే నేను అటు వెళ్ళాను. ఊరికే, గాలికి.

"మామయ్యా, రేపు పొద్దున్నే తోటవైపు ఇద్దరు ముగ్గురు వస్తారేమో. పిట్టల సంగతి చూసేవాళ్ళు. కాఫీ పొడి ఉందో లేదో అత్తయ్యని చూడమనండి."

ఆయన కుళాయి కట్టేశారు. కాసేపు నీళ్ళు చుక్కలుగా పడుతుంటే చూశారు.

"పొద్దున్నే అంటే, చీకటితోనా?"

"తెల్లవారాకేమో."

"మంచిది తల్లీ." నా తల మీద చెయ్యి వేశారు. తడి చెయ్యి.

నేను అంతకంటే ఒక్క మాట అనలేదు. ఇంటికి మనుషులు వస్తున్నప్పుడు ఇంటి పెద్దకి చెప్పడం మర్యాద. దీన్ని హెచ్చరించడం అనరు.

సెప్టెంబర్ 30, బుధవారం

తోటలో పాట లేదు. ఎనిమిదేళ్ళలో మొదటిసారి మామూలు సెప్టెంబరు ఉదయం. దూరంగా ఒకటో రెండో టక్ టక్‌మన్నాయి, అంతే.

శాఖవాళ్ళు ఇద్దరు వచ్చారు. ఇస్మీని వాళ్ళని చెట్టు నుంచి చెట్టుకి తిప్పింది. పుల్ల లేదు, స్పీకరు లేదు, తీగ లేదు. తుమ్మల కింద నేల ఊడ్చి, నీళ్ళు చల్లి ఉంది. "ఇక్కడే ఉంది. మొన్న ఇక్కడే. ఈ కొమ్మకే," అంటూ ఆ కొమ్మని పట్టుకుని ఊపుతోంది. దాని గొంతు సన్నబడిపోతోంది. పొద్దున నేను దాని పక్కనే నిలబడ్డాను, మాటిచ్చినట్టే.

మామగారు అరుగు మీద కాఫీలు, పుచ్చకాయ తొక్కుల మిఠాయి పెట్టించారు. "మా మనవరాలు చదువుకి దూరం పోతోంది బాబూ. బెంగ. నిద్ర సరిగ్గా లేదు. ఏమేమో కనబడుతున్నయ్," అన్నారు ప్రేమగానే.

వాళ్ళలో పెద్దాయన నన్ను గుర్తుపట్టాడు. "మీరు లుకీయా గారు కదూ? శరత్కాలపు పాట గురించి రాశారు. ఈ తోటేనా? ఇవాళ పాడలేదేం?"

ఇస్మీని నా వైపు తిరిగింది. అందరూ తిరిగారు. అత్తగారి చేతిలో కాఫీ పళ్ళెం ఉంది.

"గాలి మారింది," అన్నాను. "గాలి మారితే పాడవు."

ఆయన తల ఊపాడు. కాఫీ తాగి వెళ్ళిపోయారు.

తరవాత పియెరిస్ కేకలేశాడు. నేను పెళ్ళయిన ఇరవై ఏళ్ళలో అతని గొంతు అంత పైకి వినలేదు. "సొంత తాత మీద కేసు పెడతావా? ఊళ్ళో తలెత్తుకుని తిరగాలా వద్దా మేం?" "పిట్టకిచ్చిన విలువ తాతకి ఇవ్వలేకపోయావే తల్లీ," అన్నారు అత్తగారు. కల్లీస్ కొట్టు దాకా పాకింది కబురు. మధ్యాహ్నం వీధిలో పోతున్న ఒకావిడ గోడ మీద నుంచి తొంగిచూసి, "మీ పిల్లకి ఒంట్లో ఎలా ఉందమ్మా?" అని నన్ను అడిగింది.

కులాసాగా ఉందన్నాను.

అక్టోబర్ 1

స్వాతంత్ర్య దినం, సెలవు. బడిపిల్లల ఊరేగింపు. ఇస్మీని గది తలుపు తియ్యలేదు.

అక్టోబర్ 2, శుక్రవారం

ఇవాళ బయటికి వచ్చి, సరాసరి నానమ్మ మీదికి పోయింది.

"నువ్వే విన్నావు. నేను ఫోన్ చేసినప్పుడు కిటికీ కింద బట్టలారేస్తున్నావు. నువ్వే పోయి తాతయ్యకి చెప్పావు."

అత్తగారు బాదంకాయలు కొడుతున్నారు. సుత్తి ఎత్తిన చెయ్యి అలాగే ఆగింది. ఇస్మీనిని చూశారు. తరవాత దాని భుజం మీదుగా, వంటింటి గుమ్మంలో నిలబడ్డ నన్ను చూశారు. ఎంతసేపు చూశారో చెప్పలేను. ఎక్కువసేపేమీ కాదు.

"అవునే. నేనే చెప్పా," అన్నారు. "యాభై ఏళ్ళు కాపరం చేసిన మొగుడు. చెప్పనా?"

"పిచ్చిదాన్ని చేశారు నన్ను, అందరి ముందు. జన్మలో నీ గుమ్మం తొక్కను."

"తొక్కకపోతే పోయె."

సుత్తి దిగింది. బాదంకాయ పగిలింది. ఇస్మీని నన్ను తోసుకుంటూ వెళ్ళిపోయింది. నేను గుమ్మంలోనే ఉన్నాను. 

ఇద్దరమే మిగిలాక, "ఎందుకత్తయ్యా?" అన్నాను.

"ఏడాదికోసారి కనబడే నానమ్మ మీద అలిగితే పిల్లకేం పోదు. తల్లి మీద అలిగి అంత దూరం పోయిందనుకో, అక్కడ దానికి ముద్ద దిగదు." గుల్లలు ఒక పక్కకి, పప్పు ఒక పక్కకి నెట్టారు. తల ఎత్తకుండానే, "చూస్తా నిలబడతావేం, ఇంకో రాయి తెచ్చుకో," అన్నారు.

రాయి తెచ్చుకుని పక్కన కూర్చుని బాదంకాయలు కొట్టాను, చీకటి పడేదాకా. ఆవిడ ఏవేవో కబుర్లు చెప్పారు. నేను ఊ కొట్టాను. ఎంత హాయిగా అనిపించిందో రాయడానికే సిగ్గుగా ఉంది.

అక్టోబర్ 4, ఆదివారం

బయల్దేరాం. సామాను కారెక్కింది. ఇస్మీని వెనక సీట్లో కూర్చుని చెవుల్లో పాటలు పెట్టుకుంది. తాతకి ముక్తసరిగా ఒక ముద్దు. నానమ్మకి అదీ లేదు.

అత్తగారు డబ్బా ఒకటి పట్టుకుని కారు పక్కకి వచ్చారు. హలూమి జున్ను ముక్కలు, ఎండు అత్తిపళ్ళు, మొన్నటి బాదంపప్పు. అద్దం మీద వేలితో తట్టారు. ఇస్మీని అటు తిరగలేదు. ఆవిడ మళ్ళీ తట్టారు. డబ్బా కాస్త పైకెత్తి చూపించారు, చంటిపిల్లకి బొమ్మ చూపించినట్టు. వారం కిందట ఎంత మనిషో, ఇవాళ అంతలో సగం కనిపించారు. అయినా మొహం మాత్రం మామూలుగానే పెట్టుకున్నారు, నా కోసం.

పియెరిస్ తాళంచెవి తిప్పాడు.

నేను కారు దిగి వెనక తలుపు తీశాను. "నానమ్మ కాదు," అన్నాను. "తాతయ్యకి చెప్పింది నేను."

ఇస్మీని చెవుల్లోంచి తీగలు పీకింది. "ఏంటి?"

రెండోసారి చెప్పడం కష్టమైంది. "శాఖవాళ్ళు వస్తారని తాతయ్యకి నేనే చెప్పాను. నానమ్మకి ఏమీ తెలియదు."

పియెరిస్ ఇంజను ఆపేశాడు. మామగారు చేతిలోని కర్ర వైపు చూసుకుంటున్నారు. ఇస్మీని దిగి, నా పక్కనుంచే, నన్ను తాకకుండా, అత్తగారి దగ్గరికి నడిచింది. డబ్బాతో సహా ఆవిణ్ణి పట్టుకుంది. ఆవిడ ఆ పిల్ల భుజం మీద నుంచి నన్ను చూసి కసిరారు: "ఎవరడిగారే నిన్ను?"

సగం దారిలో ఇస్మీని వెనక నుంచి అంది, "తాతయ్య కోసమా?"

నేను సీటు బెల్టు సర్దుకున్నాను.

"ఆ వ్యాసం కోసమా?"

"చాలు," అన్నాడు పియెరిస్. ఎవరితో అన్నాడో.

అక్టోబర్ 10, శనివారం

ఇస్మీని గురువారం విమానమెక్కింది. విమానాశ్రయంలో చెంప చాపింది గానీ మెడ చుట్టూ చేతులు వెయ్యలేదు.

అంతకుముందే, సోమవారం, నేను సంఘానికి ఫోన్ చేశాను. ఆ పాట పిట్టది కాదు, మరలోంచి వచ్చేది, అందులో కుక్క మొరుగు కూడా ఉంది, నా నాలుగు పేరాలు అబద్ధమని వచ్చే సంచికలో వెయ్యమన్నాను. ఎవరి తోట అని అడిగారు. చెప్పాను. ఇన్నేళ్ళూ విని కూడా విననట్టు ఉండిపోయిన సంగతి కూడా చెప్పబోయాను. అటువైపు పిల్ల, "వివరాలు చాలండీ," అంది.

సంఘంవాళ్ళు కబురందిస్తే శాఖవాళ్ళు ఈసారి చెప్పకుండా వెళ్ళారట. పుల్లలన్నీ మళ్ళీ చెట్లకే ఉన్నాయి. మామగారు కోర్టుకి వెళ్ళాలి. డెబ్బై ఆరేళ్ళ మనిషి, పెళ్ళికి కుట్టించుకున్న కోటు బయటికి తీయించారట. పియెరిస్ ఇస్మీని గదిలో పడుకుంటున్నాడు.

అత్తగారు ఫోన్ చేశారు. తిట్టడానికనుకున్నాను. గొంతులో కోపం లేదు. "ముందే నోరు విప్పుంటే పిల్ల మాట నిలబడేది. అసలు విప్పకుండా ఉంటే ముసలాయన మాట నిలబడేది. రెంటికీ చెడ్డ రేవడివయ్యావు కదే," అన్నారు. తరవాత, "పిల్ల ఫోన్ చేసింది. అత్తిపళ్ళు అయిపోయినయ్యట," అని పెట్టేశారు.

నాకు ఇస్మీని ఒక్క వాక్యం పంపింది: 'కారులో అడిగినదానికి నువ్వు జవాబు చెప్పలేదు.'

రోజంతా దాని ముందు కూర్చున్నాను. తాతయ్య కోసమే అని రాస్తే కొంత కరుగుతుంది. వ్యాసం కోసమే అని రాస్తే, కనీసం నిజం చెప్పిందిలే అనుకుంటుంది. రెండింటి కోసం అని రాయడం అన్నిటికంటే తేలిక. అందుకే అది రాయడం లేదు. ఆ సాయంత్రం నేను మామగారి దగ్గరికి నడిచిన ఇరవై అడుగుల్లో నా మనసులో ఏముందో ఎంత వెతికినా దొరకడం లేదు. ఆ ముసలాయన్ని కాపాడాలనుకున్నానో, నా పేరుని కాపాడుకున్నానో నాకు తెలియదు. తెలియదనే ఇస్మీనికి రాశాను. అది కూడా నిజమో, మళ్ళీ ఒక సాకో, తేల్చుకోలేకపోతున్నాను.